ఎంగిలి నిప్పు

శ్రీకంఠానికి ఒకటే బాధ. గురువుగారు తనని మెచ్చుకోవడం లేదు.

మెచ్చుకోదగ్గ పనే చేశాడు మరి. వైద్యం చదివి, పట్నంలో ఆసుపత్రి ఉద్యోగం వదులుకుని, ఏటిగట్టు స్వామి దగ్గర శిష్యరికానికి వచ్చాడు. రాగానే కాషాయం ఇస్తారనుకున్నాడు, మంత్రం చెవిలో చెబుతారనుకున్నాడు. స్వామి ఆ రెండూ చెయ్యలేదు.

"నీకేం పని తెలుసు?" అని మాత్రం అడిగారు.

"నోటి జబ్బులు చూస్తానండీ. పొగాకు మీద పరిశోధన చేశాను."

"అయితే అదే చెయ్యి" అని ఏటికి అవతలనున్న పల్లె చూపించారు.

ఉత్తరాంధ్ర తీరంలో ఏరు సముద్రంలో కలిసే చోటది. ఇవతల గట్టున సరుగుడు తోట, తోటలో స్వామి పాక. అవతల గట్టున ఇసుక దిబ్బలు, దిబ్బల మీద చేపలు పట్టేవాళ్ళ తాటాకు ఇళ్ళు. నీళ్ళు తక్కువున్నప్పుడు ఏరు నడిచే దాటొచ్చు.

పాక ముందు ధుని ఉండేది. ధుని అంటే సాధువులు కాపాడుకునే నిప్పుగుండం. దాన్ని స్వామివారి గురువుగారు వెలిగించారు. ఆయన పోయాక స్వామి ఒక్కరే దాన్ని ఆరనివ్వకుండా కాసుకుంటూ వచ్చారు. ఆయనకి ఆస్తి అంటూ ఉంటే ఆ నిప్పూ, దాన్ని ఎగదోసే ఇనప పటకారూ. ఆ పటకారు ఎవరి చేతికిస్తే తన తర్వాత వాళ్ళేనన్నమాట. స్వామి ఎన్నడూ ఆ మాట అనలేదు. శ్రీకంఠం మాత్రం రోజుకొకసారైనా దానివంక చూసేవాడు. సన్యాసం తీసుకోవడానికి వచ్చినవాడికి పటకారు మీద ఆశ ఏమిటని మనం నవ్వచ్చు గానీ, ఆశ అలాగే ఉంటుంది, ఏదో ఒకటి పట్టుకోకుండా ఊరుకోదు.

ధునిని చూసుకోవడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. ఎంత మందగించినా విసనకర్రతో విసిరేవాడే తప్ప నోటితో ఊదేవాడు కాదు. నిప్పు దేవుడు, ఊదితే ఎంగిలవుతుందని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. ఆమె నేర్పినవాటిలో మిగతావి ఎన్ని వదిలేశాడో గానీ అది మాత్రం వదల్లేదు.

ఇక ఆ పల్లెలో ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. చుట్ట కాలుస్తారు. అది వింత కాదు. ముట్టించిన కొసని నోట్లోపల పెట్టుకుని పెదాలు మూస్తారు, వింతంతా అక్కడుంది. నిప్పు లోపల, ఉత్త కొస బయట. అడ్డపొగ అంటారు దాన్ని. అలా పెట్టుకునే వల అల్లుతారు, చేపల గంప మోస్తారు, చంటిదానికి పాలిస్తారు, పక్కింటామెతో దెబ్బలాట కూడా అలాగే కానిస్తారు. నాలిక కాలదు. అత్తల దగ్గర కోడళ్ళు నేర్చుకునే విద్య అది.

నాలిక కాలదు గానీ అంగిలి మాడిపోతుంది. శ్రీకంఠం ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఆడమనిషినీ గుమ్మంలో కూర్చోబెట్టి, బ్యాటరీ లైటు వేసి, చిన్న అద్దం పెట్టి చూశాడు. తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు, కొందరికి పుండ్లు. ఏ పుండు మానుతుందో, ఏది రాచపుండు, అంటే క్యాన్సర్, అవుతుందో చూడగానే చెప్పగలడు. ఒక్కొక్క అంగిలినీ బొమ్మ గీసి ఉంచుకున్నాడు.

"ఎందుకు కాలుస్తావు?" అని అందరినీ అడిగాడు.

"అలవాటైపోనాది బాబూ" అంది ఒకామె. "పన్నుపోటుకి మంచిదంట" అంది ఇంకొకామె. "సలికి" అంది మరొకామె. "మా అత్త కాల్సింది, నాను కాలస్తన్నాను" అని నవ్వేసిన వాళ్ళే ఎక్కువ.

అందరిలోకీ చెడ్డ నోరు అసిరమ్మది. రెండు రకాలుగానూ. భర్త పోయాడు, పిల్లలు లేరు. నెత్తిన గంపతో ఊళ్ళు తిరిగి చేపలమ్ముకు బతికేది. పుల్లవిరుపు మాట, పెద్ద గొంతు. అంగిలి మధ్యలో పుండు.

"ఇది రాచపుండులోకి దిగబోతోంది అసిరమ్మా. ఇంకా దిగలేదు. ఇవాళ మానేస్తే బతుకుతావు" అన్నాడు శ్రీకంఠం.

"మానేస్తే సావే రాదేటి బాబూ నాకు?" అంది అసిరమ్మ.

ఆమె అంటే శ్రీకంఠానికి మొదటినుంచీ చిరాకు. ఒకసారి చేపలమ్ముకుని వస్తూ పాక దగ్గర ఆగి, చుట్ట ముట్టించుకుందామని ధుని ముందు వంగింది. శ్రీకంఠం విసనకర్ర అక్కడ పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు! ఎంగిలి చుట్ట ధునిలో పెడతావా?"

"కొత్త సుట్ట బాబూ. ఇంకా నోట్లో ఎట్టనేదు."

"పెట్టబోయేదేగా!"

అసిరమ్మ చుట్ట కొంగున ముడేసుకుని ఏట్లోకి దిగిపోయింది. స్వామి పక్కనే కూర్చుని కొబ్బరికాయ పీచు ఒలుస్తున్నారు. చూసి, మళ్ళీ ఒలుచుకున్నారు.

శ్రీకంఠం ఊరి చేత పొగ మాన్పించడానికి నడుం కట్టాడు. రాచపుండు బొమ్మలు పట్టుకెళ్ళి చూపించాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని చూసి, ఇంటికెళ్ళి ముట్టించుకున్నారు. పిప్పరమెంట్లు పంచాడు. అవి పిల్లలు తినేశారు. చివరికి ఊరి అమ్మవారి గుడి గుర్తుకొచ్చింది. ఆ పల్లెలో అమ్మవారి మీద ఒట్టంటే ఒట్టే. ఒకడు ఆ ఒట్టు వేసుకుని సారా మానేశాడనీ, మళ్ళీ తాకలేదనీ విన్నాడు. అందరి చేతా పసుపునీళ్ళు ముట్టించి ఒట్టు వేయిద్దామనుకున్నాడు.

ఒక్క అసిరమ్మ అడ్డం తిరిగింది.

"వానాకాలం ఎల్లనీ బాబూ. ఆ తరవాత ఏసుకుంటాను ఒట్టు" అంది.

శ్రీకంఠం నవ్వాడు. ఆసుపత్రిలో ఇలాంటి మాటలు ఎన్ని విన్నాడు! తాగేవాడు, పీల్చేవాడు, నమిలేవాడు, అందరిదీ ఒకటే పాట. ఈ పండగ వెళ్ళనీ, ఈ పెళ్ళి కానీ, రేపటినుంచి చూడు. వ్యసనం మాట్లాడే భాష అదని అతని చదువు చెప్పింది. చదువు చెప్పింది అబద్ధమూ కాదు.

"వానాకాలానికీ చుట్టకీ ఏమిటి సంబంధం? ఇవాళే వేసుకోవాలి. నువ్వు వేసుకోకపోతే నీ వెనక ఇంకో పదిమంది ఆగిపోతారు" అని పట్టుబట్టాడు.

అసిరమ్మ ఏదో చెప్పబోయింది. అతని మొహం చూసి ఊరుకుంది. పసుపునీళ్ళు ముట్టుకుని ఒట్టు వేసింది.

ఊరు మానేసింది. నిజంగానే మానేసింది. ఏ గుమ్మంలోనూ పొగ లేదు. శ్రీకంఠం ఏరు దాటి వచ్చేటప్పుడు నడకే మారిపోయింది.

"ఊరు ఊరంతా మానేసింది స్వామీ" అన్నాడు.

స్వామి ధునిలో బూడిద సర్దుతున్నారు. "వాళ్ళ నోళ్ళల్లో ఏం చూశావు?" అని అడిగారు.

"మచ్చలు చూశాను, పుండ్లు చూశాను."

"ఇంకా?"

"ఇంకేముంటుంది స్వామీ? పొగచూరిన నోళ్ళు."

"సరే, చుట్ట తీసేశావు. అక్కడ ఏం పెట్టావు?"

శ్రీకంఠానికి ప్రశ్నే అర్థం కాలేదు. "విషం తీసేసినచోట ఏం పెడతారండీ?" అన్నాడు.

స్వామి తల ఊపి మళ్ళీ బూడిద సర్దుకున్నారు. అంతే. ఒక మంచి మాట లేదు, వీపు మీద ఒక తట్టు లేదు. శ్రీకంఠం ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

తర్వాత కొన్నాళ్ళకి వాయుగుండం పట్టింది.

తెల్లవారకముందే తెప్పలు సముద్రం మీదికి వెళ్ళాయి. మధ్యాహ్నానికి తూర్పున ఆకాశం నల్లబడింది. ఒట్టు తప్పినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూద్దామని శ్రీకంఠం అప్పటికే పల్లెలో తిరుగుతున్నాడు. గాలి ఒక్కసారిగా వచ్చి పడింది. వెనకే వాన. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, పొయ్యిల్లోకి నీళ్ళు చేరాయి. ఏరు పొంగి, వెనక్కి వెళ్ళడానికి దారి లేకుండా పోయింది.

పొద్దు వాలే వేళకి ఊరంతా ఒడ్డున చేరింది. తెప్పలు తిరిగి రాలేదు.

ఆ ఒడ్డుకి ఎదురుగా నీళ్ళల్లో రాళ్ళ వరస ఒకటుంది. మధ్యలో ఒకే ఒక దారి. వెలుతురుంటే చూసుకుని వస్తారు. చీకటిపడితే దిబ్బ మీద రెండు చోట్ల మంట వెయ్యాలి. ఆ రెండు మంటలకీ మధ్యగా తెప్ప నడిపితే ఒడ్డు, కాస్త పక్కకి పోతే రాళ్ళు. చేపనూనెలో తడిపిన తాటాకు కట్టలు అందుకోసమే బోర్లించిన పడవ కింద ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వాన పడుతున్నా ఒకసారి అంటుకుంటే ఆరవు.

"నిప్పేదర్రా?" అని అరిచాడు కులపెద్ద నీలయ్య.

ఒకరి తర్వాత ఒకరు కొంగులూ, మొలలూ తడుముకున్నారు.

అగ్గిపెట్టెలు బయటికొచ్చాయి. పుల్ల గీస్తే మందు ఊడి వేలికంటుకుంది. ఇంకొకటి, ఇంకొకటి. పెట్టెలే మెత్తబడిపోయాయి. ఎవరింట్లోనైనా పొయ్యిలో నిప్పుకణిక మిగిలిందేమోనని ఇద్దరు పరిగెత్తారు. తడిసిన చేతులతో వెనక్కొచ్చారు.

శ్రీకంఠం తన బ్యాటరీ లైటు తీసి సముద్రం వైపు వేశాడు. వెలుగు కాస్త దూరం వెళ్ళి వానలో ఆగిపోయింది.

"ఇదివరకు ఏం చేసేవాళ్ళు?" అని కేకేశాడు. గాలి హోరులో కేకెయ్యకపోతే వినబడదు. "వాన ఇదే మొదటిసారి కాదుగా! నిప్పు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు?"

అతని పక్కన పోలి అనే పడుచుపిల్ల నిలబడుంది. మొగుడు సముద్రం మీద ఉన్నాడు. అతనివైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"ఎప్పుడూ ఎవులో ఒకల నోట్లో ఉండీది బాబూ" అంది. "నోట్లోకి వాన రాదు గదా."

శ్రీకంఠం ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు. అందరి నోళ్ళూ అతనికి తెలుసు. ఏ మచ్చ ఎవరిదో పేరు పేరునా చెప్పగలడు. ఒక్క నోట్లోనూ నిప్పు లేదు. వానాకాలం వెళ్ళనీ బాబూ అన్న మాట అప్పుడు మళ్ళీ వినబడింది. అతనే చల్లార్చాడు వాటినన్నిటినీ, ఒకదాని తర్వాత ఒకటి, పసుపునీళ్ళతో.

ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. సముద్రం మీద చీకటి కమ్ముకొస్తోంది.

అప్పుడు దిబ్బ మీదినుంచి అసిరమ్మ దిగి వచ్చింది. నెత్తిన గోనెసంచి కప్పుకుని, తల వంచుకుని, చిన్నగా నడుస్తోంది. "అసిరమ్మా, నీకాడేటైనా ఉందేటే?" అని ఎవరో అడిగారు. మాట్లాడలేదు. అంత నోరున్న మనిషి పెదాలు బిగించుకుని, చేత్తో తప్పుకోమని సైగ చేసి, తిన్నగా బోర్లించిన పడవ కిందకి దూరింది. శ్రీకంఠం ఆమె వెనకే మోకాళ్ళ మీద పాకాడు.

ఆమె ఎండు కొబ్బరిపీచు కాస్త తీసి గూడులా చేసి అరచేతిలో పట్టుకుంది. నోరు తెరిచింది.

ఆ నోరు శ్రీకంఠం ఎన్నిసార్లు చూశాడు! లైటు వేసి, అద్దం పెట్టి, బొమ్మ గీసి, రంగులేసి. ఇప్పుడు లైటు అక్కర్లేదు. చీకటింట్లో ఎవరో దీపం పెట్టినట్టు లోపల్నుంచి ఎర్రగా వెలిగింది. మాడిన అంగిలి, దాని నడుమ పుండు, ఆ పుండు కింద నిప్పు. బయట ప్రపంచమంతా తడిసి ముద్దవుతుంటే ఆ కాస్త జాగాలో మాత్రం చుక్క నీరు లేదు. శ్రీకంఠం తనకి తెలియకుండానే చేతులు జోడించాడు.

ఆమె చుట్ట తీసి పీచులో పెట్టి ఊదింది. పొగ వచ్చింది. మళ్ళీ ఊదింది. పీచు అంటుకుంది, దానినుంచి తాటాకు కట్ట, దానినుంచి ఇంకో కట్ట. నీలయ్య ఒకటి, పోలి ఒకటి పట్టుకుని దిబ్బ మీదికి పరిగెత్తారు.

రెండు మంటలు లేచాయి.

ఎంతసేపు గడిచిందో ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి సముద్రంలోంచి ఒక కేక వినబడింది. మొదటి తెప్ప రెండు మంటల మధ్యగా వచ్చి ఇసుకలో కొట్టుకుంది. దాని వెనక రెండోది. ఒక్కో తెప్ప వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు నీళ్ళల్లోకి పరిగెత్తి మగవాళ్ళ జుట్టు పట్టుకుని లాగి, తిట్టి, కావలించుకుని ఏడ్చారు. పోలి మొగుడు వచ్చాడు. అందరూ వచ్చారు.

అసిరమ్మ మాత్రం పడవ కిందే కూర్చుని వణుకుతోంది. చలికి కాదు.

"మజ్జానమే మబ్బు సూసినాను బాబూ" అంది శ్రీకంఠంతో. "ఇంట్లో మూల కూకుని ముట్టించీసినాను. అమ్మోరి మీది ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. తల్లి నన్ను ఒగ్గదు."

"ఇందులో నీవాళ్ళు ఎవరున్నారు?"

"నాకెవులున్నారు బాబూ?"

"మరి ఎందుకు చేశావు?"

ఆమెకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "తెప్పలెల్లినాయి గదా" అంది.

శ్రీకంఠం ఇసుకలో ఆమె పక్కన కూర్చుని అన్నాడు: "ఆ ఒట్టు వేయించింది నేను. తల్లి అడిగితే నా పేరు చెప్పు."

అసిరమ్మ కన్నీళ్ళల్లోనే నవ్వింది. "నీ పేరు తల్లికి తెల్దనుకున్నావేటి?"

తెల్లవారేసరికి వాన వెలిసింది. ఏరు తగ్గింది. దిబ్బ మీద మంటలు బూడిదయ్యాయి. కానీ ఊళ్ళో ఏ గుమ్మంలో చూసినా ఆడవాళ్ళ పెదాల మధ్య చుట్ట ఉత్త కొస కనబడుతోంది. అసిరమ్మ నిప్పుతోనే అందరూ ముట్టించుకున్నారు. శ్రీకంఠం చూశాడు. ఒక్కరినీ ఒక్క మాట అనలేదు.

అవతలి గట్టునుంచి స్వామి ఏరు దాటి వస్తూ కనిపించారు. ఒక చేతిలో పటకారు, రెండో చేతిలో మట్టి మూకుడు. పంచె అంతా తడి బూడిద.

"పాక ఎగిరిపోయింది" అన్నారు, ఎవరింట్లోనో ఏదో జరిగినట్టు. "ధుని ఆరిపోయింది."

గురువుగారి గురువుగారు వెలిగించిన నిప్పు! శ్రీకంఠానికి ఏడుపు వచ్చేసింది. స్వామి రాత్రి మంట ఎక్కడిదో గట్టు మీది వాళ్ళని అడిగి తెలుసుకుని, అతన్ని దాటుకుని నడిచి, అసిరమ్మ ఇంటి ముందు ఆగారు. కప్పు సగం లేచిపోయిన ఇల్లది. ఏ గుమ్మం ముందైనా నిలబడినట్టే నిలబడి మూకుడు చాపారు.

"భవతి భిక్షాం దేహి."

అసిరమ్మ కంగారుపడి లోపలికెళ్ళి గంజి ముంత తెచ్చింది. చుట్ట నోట్లోనే ఉంది.

"గంజి కాదు తల్లీ. నిప్పు."

"నా పొయ్యి తడిసిపోనాది సామీ."

"పొయ్యిలోది కాదు. నీ నోట్లోది."

"స్వామీ!" అన్నాడు శ్రీకంఠం. నోరు జారిపోయింది. నిన్న సాయంత్రం ఆ నిప్పుకే దండం పెట్టాడు. అయినా ధునికి ఎంగిలి నిప్పు అనేసరికి వాళ్ళమ్మ గొంతు లోపలినుంచి లేచింది. అలవాటంటే అంతే. చుట్ట ఒక్కటే కాదు కదా అలవాటు.

అసిరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. చుట్ట తీసి వెనక దాచుకుంది. "ఎంగిలి సామీ. ఆయేల బాబు సెప్పినాడు గదా. నాను మరిసిపోనేదు."

స్వామి మూకుడు దించలేదు.

"నిన్న ఎంతమంది దాన్ని చూసుకుని ఇంటికొచ్చారు?"

"అందరూ వొచ్చినారు సామీ."

"అయితే పెట్టు."

అసిరమ్మ శ్రీకంఠం వంక చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె చుట్ట ముందు కొస విరిచి, ఎర్రటి కణికని మూకుడులో వేసింది. స్వామి వంగి దాన్ని కళ్ళకద్దుకున్నారు. తన గురువుగారి పాదాల దగ్గర తప్ప ఆయన అలా వంగడం శ్రీకంఠం ఎప్పుడూ వినలేదు, చూడలేదు.

స్వామి ఏటివైపు తిరగలేదు. మూకుడు పట్టుకుని దిబ్బ ఎక్కారు, రాత్రి మంటలు వేసిన చోటికి. పటకారుతో ఇసుకలో గుంట తవ్వారు. ఊరంతా వెనకే వచ్చి చుట్టూ నిలబడింది. ఎవరో రాళ్ళు తెచ్చారు, ఎవరో ఎండు పీచు, ఎవరో విరిగిన తెప్ప దుంగ. కణిక గుంటలో పడింది. కాసేపటికి మంట లేచింది.

"అక్కడ నేనొక్కడినే కాశాను, ఆరిపోయింది" అన్నారు స్వామి. "ఇక్కడ ఇంతమంది ఉన్నారు. కప్పు వేసుకోండి, గాలి వచ్చేవైపు గోడ కట్టుకోండి."

తర్వాత పటకారు తీసి అసిరమ్మ చేతిలో పెట్టారు.

శ్రీకంఠం చూస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఏ పటకారు వంక చూశాడో అది చేపల వాసన వేసే చేతిలోకి వెళ్ళిపోయింది. బాధపడతాననుకున్నాడు. బాధ వెతికితే దొరకలేదు. దాని చోట ఇంకేదో ఉంది, అతనికి పేరు తెలియనిది, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేలాంటిది.

"నిప్పు ఇక ఇక్కడుంటుంది తల్లీ" అన్నారు స్వామి. "నువ్వు నోరు చల్లార్చుకో."

అసిరమ్మ పటకారు వంక, చేతిలో మిగిలిన చుట్ట వంక మార్చి మార్చి చూసింది. "మానగలనా సామీ? పెళ్ళైన కాడినించీ ఉన్నాది ఇది నా నోట్లో."

"నాకు తెలియదు. దీన్ని మాత్రం ఆరనివ్వకు."

ఆమె చుట్టని ధునిలో వేసింది.

ఆ తర్వాత అంతా సుఖంగా జరిగిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అసిరమ్మ ఒళ్ళంతా వణికింది. కనిపించినవాళ్ళనల్లా తిట్టింది. శ్రీకంఠాన్ని "నీ కట్టె కాలా" అని తిట్టి, వెంటనే "కూకో బాబూ, ఎల్లిపోకు" అంది. నోరు ఊరికే ఉండలేక పీచు ముక్క నమిలేది, పటకారు తీసుకుని అక్కర్లేకపోయినా ధునిని కెలికేది. మధ్యలో రెండు మూడుసార్లు జారింది. జారినప్పుడల్లా తానే వచ్చి చెప్పింది. శ్రీకంఠం ఒట్టు అడగలేదు. పుల్లలు మోసుకొచ్చి ధునిలో వేసి ఆమె పక్కన కూర్చునేవాడు. మందేదో తెలిసిన వైద్యుడే గానీ, ఆ పూటల్లో అతని దగ్గర అంతకంటే మంచి మందు లేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు వంతులేసుకుని ధుని చూశారు. పోలి అందరికంటే ముందు మానేసింది. కొందరు తర్వాత మానేశారు. కొందరు ఇప్పటికీ మానలేదు. వాళ్ళ ఇళ్ళకి శ్రీకంఠం మళ్ళీ మొదటినుంచీ తిరిగాడు. ఈసారి బొమ్మలు తీసుకెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని వాళ్ళు చెప్పేదంతా వినేవాడు. చలికి అని చెప్పినామె గుడిసెకి తలుపు లేదని అప్పుడు చూశాడు. పన్నుపోటుకి అన్నామె పన్ను పీకించాడు. ఎవరైనా ఆగమంటే, ఎందుకు ఆగాలో అడిగి తెలుసుకునేవాడు.

చలికాలం వచ్చాక ఒక పొద్దున్న అసిరమ్మని దిబ్బ మీదే కూర్చోబెట్టాడు. కొత్త బ్యాటరీ లైటు తెచ్చాడు గానీ ఎండ బాగా ఉండటంతో తియ్యలేదు. నోరు తెరవమన్నాడు.

అంగిలి పలచటి గులాబీ రంగులోకి తిరిగింది. మచ్చలు కొన్ని ఉన్నాయి, అవి పోవు. నడుమ పుండు ఉండే చోట లేత తోలు వచ్చింది. శ్రీకంఠం అద్దం అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు.

"ఏటి బాబూ, అంతసేపు?" అంది అసిరమ్మ, అతని చెయ్యి పక్కకి తోసి. "బేగి సూడు. తెప్పలొచ్చీ యేళైంది, అవతల గంప కడుక్కోవాల."

"మానింది" అన్నాడు శ్రీకంఠం.

"మానిందా? మరి ఆ మొగమేటి అలాగెట్టినావు?" అని పటకారు అతని చేతిలో పడేసి, గంప తీసుకుని ఒడ్డుకి దిగిపోయింది. "నానొచ్చీదాకా సూస్తా ఉండు. ఆరిపోతే ఊరుకోను."

స్వామి అప్పటివరకూ గోడ నీడన కూర్చుని పీచు ఒలుస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఆమె నోట్లో ఏం చూశావు?"

శ్రీకంఠం ధునివైపు తిరిగాడు. ధుని మందగించింది. పైన తెల్లటి బూడిద పేరుకుంది. విసనకర్ర పక్కనే ఉంది. అతని చెయ్యి అలవాటుగా దానివైపు వెళ్ళి, మధ్యలో ఆగింది.

శ్రీకంఠం రెండు చేతులూ ఇసుకలో ఆనించి, తల నేలకి తాకేంత కిందకి వంగి, నోటితో ఊదాడు.